ఎనిమిది ముక్కల మఖమల్ లంగా

జనవరి 6

చెల్లికి,

ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు, నేను తప్ప.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. ఫోనులో నేను రెండు మాటలు అనగానే నువ్వు ముక్కు చీదడం మొదలుపెడతావు. మీ బావ వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుని "ఏం లేదమ్మా, మీ అక్కకి కాస్త నిద్ర తక్కువైంది" అంటారు. చెప్పాల్సింది చెప్పకుండానే పోతుంది. కాగితాన్ని ఎవరూ లాక్కోరు.

నిన్న నా కూతురు ఫోను చేసి, పెళ్ళికి ఏమేం వేసుకోవాలనుకుంటోందో ఒక్కొక్కటే చెప్పింది. పొద్దున చీరేనట. సాయంత్రం విందుకి మాత్రం మఖమల్ లంగా, దాని మీద గోటా పట్టీ. మనమ్మ కుట్టేదే, ఆ మెరిసే జరీ రిబ్బను పని. నాకు ప్రాణం లేచొచ్చింది. కొలతలు రాసుకుందామని పెన్సిలు కూడా తీశాను. అప్పుడు అంది, "పిన్ని కుడుతోందిలే అమ్మా, నువ్వు శ్రమపడకు" అని. పెన్సిలు మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.

ఇరవై ఏడేళ్ళుగా ఈ ముందుగదిలో మిషను తొక్కుతున్నాను. మా వీధిలో నేను బట్టలు కుట్టని పెళ్ళికూతురు లేదు. నా పిల్ల మొదటి గౌను కుట్టిందీ నేనే, మొన్నటి కోటుకి గుండీ మార్చిందీ నేనే. పెళ్ళి లంగాకి వచ్చేసరికి శ్రమ పడకూడదట.

అది చాలదన్నట్టు, ఆ మఖమల్ అమ్మ దాచిపెట్టిందట, నేరేడుపండు రంగుదట. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. అమ్మ దాచిన బట్ట సంగతి నాకు నా కూతురు చెప్పాలా?

కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. నాకు కుళ్ళుగా ఉంది. ఆ పిల్ల "పిన్ని" అన్నప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. బట్ట పంపించు. నా కూతురి లంగా నేనే కుడతాను.

కోపంతో ఉన్న
నీ అక్క

జనవరి 11

అక్కా,

నీ ఉత్తరం మా షాపు మేడమీద కుట్టుగదిలో కూర్చుని చదివాను. ఏడవలేదు. ముక్కు చీదిన మాట నిజమే కానీ అది మఖమల్ నూగు ముక్కులోకి పోవడం వల్ల.

జరిగింది ఇదీ. పోయిన ఆదివారం నీ కూతురు మా ఇంటికి వచ్చింది. చలిగా ఉందని దుప్పటి కోసం ట్రంకు పెట్టె తీసింది. అడుగున ఈ బట్ట కనిపించింది. నడుముకి చుట్టుకుని అద్దం ముందు నిలబడి, "పిన్నీ, ఇది నాకు లంగా కుట్టవా?" అంది. నాకు ఇద్దరూ మగపిల్లలే. ఇరవై ఏళ్ళుగా ఎవరెవరి కూతుళ్ళ బట్టల మీదో గోటా రిబ్బనుని ఆకుల్లా మడిచి కుడుతున్నాను. ఒక ఆడపిల్ల నా ఇంట్లో నా అద్దం ముందు నిలబడి అలా అడగడం అదే మొదటిసారి. "మీ అమ్మని అడుగు" అనాలని అప్పుడు తోచలేదు. తోచినా అనేదాన్ని కాదు. నువ్వు దాచకుండా రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. నీకు కూతురుందని నాకూ కుళ్ళే.

బట్టని నేను దాచలేదు. అమ్మ నా దగ్గరున్న రోజుల్లో కొంది. ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి అని చెప్పింది. ఇంట్లో ఉన్నది ఒక్కతే ఆడపిల్ల కాబట్టి ఇది ఎవరిదో అనుమానం లేదు. పెళ్ళి పనులు మొదలవగానే నీకు చెబుదామనుకున్నాను. ఈలోపు పిల్లే చెప్పేసింది.

ఒక్క సంగతి మాత్రం ఆలోచించు. మఖమల్ తిక్క బట్ట. నీ చేతికి స్కూలు యూనిఫారాలు, జాకెట్లు అలవాటు. నేను రోజూ దీనితోనే వేగుతున్నాను. పైగా గోటా ఆకుని నువ్వు చిన్నప్పటి నుంచీ తిరగేసి మడుస్తావు, గుర్తుందా? నన్ను కుట్టనివ్వు. పేరు నీదే చెబుదాం.

బావని అడిగానని చెప్పు.

నీ చెల్లి

జనవరి 15

చెల్లికి,

యూనిఫారాలు. ఆ మాట నాలుగుసార్లు చదివాను. తర్వాత మీ బావ చేత చదివించాను, నేనే తప్పుగా చదువుతున్నానేమోనని. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "యూనిఫారాలు కూడా కష్టమే కదా" అన్నారు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

పేరు నాది చెబుతావా? ఎంత దయ!

అమ్మ చివరి రెండేళ్ళూ నీ దగ్గరే ఉంది. మా ఇంట్లో మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ వల్ల కాదు అంది. మెట్ల వల్లే అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు బట్ట కూడా నీ ట్రంకులోనే పెట్టి పోయింది. నా ట్రంకుకి మెట్లున్నాయా?

చిన్నప్పుడూ అంతే. కటింగు బల్లకీ గోడకీ మధ్య అమ్మ పక్కన ఒక్క పీట పట్టే చోటుండేది. అది ఎప్పుడూ నీదే. అమ్మ మోచెయ్యి నీకు తగులుతూ ఉండేది. నేను బల్లకి అవతల, అమ్మకి ఎదురుగా నిలబడి నేర్చుకున్నాను, బేరానికొచ్చిన మనిషిలా.

ఇదంతా నీ కూతురికి, క్షమించు, నా కూతురికి చెప్పాను. అది జడ్జిలా తీర్పు ఇచ్చింది. "ఎనిమిది ముక్కల లంగా కదా, చెరో నాలుగు ముక్కలు కత్తిరించండి. ఇద్దరి చెయ్యీ పడకపోతే నేను జీన్సు ప్యాంటు వేసుకుని విందులో కూర్చుంటాను" అంది. అన్నంత పనీ చేస్తుంది. దాని తండ్రి పోలిక కాదు, నా పోలికే.

కాబట్టి బట్ట సరిగ్గా సగం చేసి పంపించు. పేపర్ కటింగు కూడా పెట్టు, కొలత ఇద్దరికీ ఒకటే ఉండాలి. నీ నాలుగు ముక్కలూ తయారయ్యాక నాకు పంపాలి. కలిపి కుట్టేది నేను. నడుం పట్టీ వేసేది నేను. గోటా నీది. ఇంతకంటే మెత్తబడడం నా వల్ల కాదు.

నీ అక్క

జనవరి 21

అక్కా,

పార్సిల్లో సగం బట్ట ఉంది. టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను, ఎందుకంటే నువ్వు నాలుగుసార్లు కొలుస్తావు. పేపర్ కటింగు కూడా పెట్టాను. పై అంచు సన్నం, కింది అంచు వెడల్పు. ఇద్దరికీ అదే కాగితం, నా దగ్గర దాని నకలు ఉంది.

చెప్పానని ఏమీ అనుకోకు. సుద్దతో గీయకు, నూగులో నిలవదు. కచ్చా కుట్లతో గుర్తు పెట్టుకో. గుండుసూదులు కుట్టు పడే చోట మాత్రమే గుచ్చు, మధ్యలో గుచ్చితే మచ్చ పోదు. పై వైపున ఇస్త్రీ పెట్టొద్దు. ఇంకో మఖమల్ ముక్క మీద బోర్లించి ఆవిరి పట్టు. రెండు పొరలు కలిపి కత్తిరించకు, జారిపోతుంది.

నూగు ఎటువైపు ఉండాలో నీకు చెప్పక్కర్లేదు. అది ఇద్దరం అమ్మ దగ్గరే నేర్చుకున్నాం.

ఒక్కసారి కత్తెర పడితే మళ్ళీ ఈ బట్ట దొరకదు. షాపులో అడిగాను, ఈ రంగు నేయడం మానేశారట.

నీ చెల్లి

జనవరి 29

చెల్లికి,

అయింది. నాలుగు ముక్కలూ తలుపుకి తగిలించి చూస్తున్నాను. నీ ఉపదేశాలు అందాయి. సుద్దతో గీయలేదు, గుండుసూది గుచ్చలేదు, ఊపిరి కూడా పీల్చలేదు.

బట్ట విప్పగానే అమ్మ పెట్టె వాసన వచ్చింది. కత్తెర పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడిపోయాను. తర్వాత ముక్క పై అంచు నాకు దూరంగా పెట్టుకుని, అరచేత్తో ఒకసారి నిమిరి, నూగు ఎటుందో చూసుకుని కత్తిరించాను. ఒక్క పోగు కూడా గీత దాటలేదు. మీ బావని అడుగు.

ఇంక నీ ముక్కల కోసమే చూస్తున్నాను.

నీ అక్క

ఫిబ్రవరి 5

అక్కా,

నా నాలుగు ముక్కలూ పంపిస్తున్నాను. మడత పెట్టలేదు, గొట్టానికి చుట్టాను. అడుగు అంచున గోటా పట్టీ వేశాను, దాని మీద ఆకుల వరస. మా కుట్టుగదిలో అందరూ లేచొచ్చి చూశారు. "ఎవరి పెళ్ళికి?" అని అడిగితే "మా అమ్మాయి పెళ్ళికి" అన్నాను. నీకు కోపం వస్తుందని తెలిసీ రాస్తున్నాను.

నీ ముక్కలకి అడుగు అంచున వేయడానికి ఇంకో చుట్ట గోటా పెట్టాను.

నీ చెల్లి

ఫిబ్రవరి 10

చెల్లికి,

నువ్వు ఇంత పని చేస్తావని అనుకోలేదు.

నీ గొట్టం విప్పి, నీ ముక్క పక్కన నా ముక్క పెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. నీది నేరేడుపండు, నిండుగా, లోతుగా ఉంది. నాది వంకాయ రంగు, తెల్లగా మెరుస్తోంది, వెలిసిపోయిన దానిలా. నా కళ్ళ మీద అనుమానంతో మీ బావని పిలిచాను. వీధిలోకి తీసుకెళ్ళి చూపించాను. పక్కింటి మెకానిక్ కూడా చూశాడు. "ఇవి రెండూ వేరు వేరు బట్టలండీ" అన్నాడు. మఖమల్ అంటే ఏమిటో తెలియనివాడికే కనబడుతోంది.

అమ్మ కొన్న బట్ట నువ్వు ఉంచుకుని, మీ షాపులో మిగిలిన ముక్కేదో నాకు పంపావు. యూనిఫారాలు కుట్టేదానికి తేడా తెలియదులే అనుకున్నావు. కలిపి కుడితే విందులో పది మందీ చూసి, "ఆ నాలుగు ముక్కలు పిన్నివి, ఈ వెలిసినవి తల్లివి" అని చెప్పుకోవాలి. ఇదేనా నీకు కావాల్సింది?

పెళ్ళి ఇంక మూడు వారాలు. పిల్లకి ఏం చెప్పాలో తెలియక ఫోను ఎత్తడం లేదు. అమ్మ పక్కన కూర్చున్నావు, అమ్మని నీ దగ్గర ఉంచుకున్నావు, నా కూతుర్ని తీసుకున్నావు. మిగిలిన ఈ బట్టలో కూడా నాకు సగం దక్కనివ్వలేదు.

సంతకం పెట్టబుద్ధి కావడం లేదు.

ఫిబ్రవరి 14

అక్కా,

ఈసారి ఏడ్చాను. దాపరికం ఏమీ లేదు, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నేను నీకు వేరే బట్ట పంపుతానా? అమ్మ మీద ఒట్టు, ఒక్క తానునే మధ్యకి కత్తిరించాను.

తర్వాత ముఖం కడుక్కుని ఆలోచించాను. నా దగ్గర మిగిలిన పీలిక తీసి కిటికీకి ఆనించి చూశాను. నేరేడు రంగు. దాన్ని తలకిందులు చేశాను. వంకాయ రంగు. మఖమల్‌కి నూగు ఒకవైపే వాలి ఉంటుంది కదా. నూగు పైకి లేచి ఉంటే వెలుతురుని మింగేస్తుంది, రంగు లోతుగా కనిపిస్తుంది. కిందికి వాలి ఉంటే తెల్లగా మెరుస్తుంది.

నీ ముక్క ఒకటి తలకిందులుగా పట్టుకుని నా ముక్క పక్కన పెట్టు. రంగు కలిసిందంటే నేను దొంగని కాదు.

కలిస్తే నాకు ఒక్కటి రాయి. బట్ట పరిచాక నువ్వు చేత్తో ఎలా నిమురుతావు? నేను ముక్క పై అంచు నాకు దూరంగా పెట్టుకుంటాను. చెయ్యి నా దగ్గర నుంచి అవతలికి పోతుంటే మెత్తగా తగలాలి. అమ్మ అలాగే చేసేది. నేను పక్కనే ఉండి చూసేదాన్ని.

నీ చెల్లి

ఫిబ్రవరి 17

చెల్లికి,

తలకిందులు చేశాను. కలిసింది.

మీ బావ అది చూసి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. నువ్వు అడిగినదానికి జవాబు ఇదీ. నేనూ పై అంచు దూరంగానే పెట్టుకుంటాను. కానీ చెయ్యి అవతలి నుంచి నా వైపు వస్తుంటే మెత్తగా తగలాలి అనుకుంటాను. ఎందుకంటే అమ్మ చెయ్యి నా వైపు వచ్చేది. నేను ఎదురుగా నిలబడ్డాను కదా. అమ్మకి అవతల అంటే నాకు ఇవతల. అమ్మ ఏదీ నోటితో చెప్పేది కాదు, చూసి నేర్చుకోమనేది. చూసినదాన్ని చూసినట్టే నేర్చుకున్నాను. ఇరవై ఏడేళ్ళుగా మఖమల్ అంతా తిరగేసి కత్తిరిస్తున్నాను. బట్ట మొత్తం నేనే కత్తిరిస్తాను కాబట్టి ఎవరికీ తెలియలేదు. గోటా ఆకు తిరగేసి మడవడం కూడా అందుకేనేమో.

నిన్ను దొంగని అన్నందుకు నా నోరు కుట్టేసుకోవాలి. తప్పు నాదే. కానీ నిజం చెప్పనా? నువ్వు దొంగవై ఉంటేనే నాకు బాగుండేదేమో అనిపించింది. ఇప్పుడు కోపం ఎవరి మీద చూపించను? అమ్మ చేతి పని కూడా సరిగ్గా నీకే వచ్చింది, నాకు వచ్చింది తిరగేసినది. అదంతా ఆ పీట వల్ల.

సరే, పని సంగతి. ముక్కలు పైన సన్నం, కింద వెడల్పు కాబట్టి తిప్పి వాడడం కుదరదు. వేరే బట్ట లేదు. నీ నాలుగూ ఒక పక్క, నావి ఒక పక్క పెడితే సగం కాలిన దానిలా ఉంది. రాత్రంతా నేల మీద పరుచుకుని కూర్చున్నాను. చివరికి కుళ్ళే దారి చూపించింది. నా ముక్కలు నీ వాటిలో కలిసిపోకూడదు, ఏది ఎవరిదో చూసేవాళ్ళకి తెలియాలి అనుకుంటూ ఒకటి నీది, ఒకటి నాది, మళ్ళీ నీది, మళ్ళీ నాది పెట్టాను. నేరేడు, వంకాయ, నేరేడు, వంకాయ. కావాలని చేసినట్టే ఉంది.

ప్రతి అతుకు మీదా పైనుంచి కిందిదాకా గోటా పట్టీ కావాలి. ఎనిమిది పట్టీలు, ఆకులతో. వారంలో అవుతాయా?

తలవంచుకున్న
నీ అక్క

ఫిబ్రవరి 22

అక్కా,

ఎనిమిది పట్టీలూ చుట్టి పంపిస్తున్నాను. నాలుగింటి మీద ఆకులు నా పద్ధతిలో మడిచాను, నాలుగింటి మీద నీ పద్ధతిలో. నీ మడత రావడానికి నాకు ఒక రోజంతా పట్టింది. అద్దం పెట్టుకుని మడిచాను.

నువ్వు పీట సంగతి మళ్ళీ రాశావు కాబట్టి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. ఆ పీట మీద కూర్చుంటే అమ్మ మోచెయ్యి కనిపిస్తుంది, చెయ్యి కనిపిస్తుంది, కత్తెర కనిపిస్తుంది. ముఖం కనిపించదు. తలెత్తి చూడబోతే "పని చూడు" అనేది. ఆకు కుదిరినప్పుడు అమ్మ ఎటు చూసేదో తెలుసా? ఎదురుగా, నీ వైపు. నువ్వు నవ్వేదానివి. అమ్మ ఏం చేసిందని నువ్వు నవ్వావో నాకు ఏ రోజూ తెలియలేదు. ఆ చోటు నాకు కావాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

చివరి రెండేళ్ళూ నా దగ్గరున్నప్పుడు చూద్దామనుకున్నాను. అప్పటికి అమ్మ సూది పట్టడం మానేసింది.

పని చేసేటప్పుడు అమ్మ ముఖం ఎలా ఉండేదక్కా? వీలైతే రాయి.

నీ చెల్లి

మార్చి 9

చెల్లికి,

పెళ్ళి అయ్యాక మిగిలిన సామాను సర్దుతుంటే ఇవాళ పట్టీలు వచ్చిన కవరు దొరికింది. పారేయబోతూ చెయ్యి పెట్టి చూశాను. అడుగున నీ ఉత్తరం ఉంది. ఆ రోజు పట్టీలు చూడగానే మిషను దగ్గరికి పరిగెత్తాను, కవరు వైపు మళ్ళీ చూడలేదు. నువ్వు ఫిబ్రవరిలో అడిగినది నేను ఇవాళ చదివాను.

విందులో జరిగింది ఇప్పుడు అర్థమైంది. పిల్ల లంగా మీద ఒక ఆకు ఊడింది కదా, నా మడత ఆకే. పిల్లని కుర్చీ మీద నిలబెట్టి, సూదిలో దారం ఎక్కించి కుడుతున్నాను. నువ్వు లంగాకి అవతల నిలబడి, కళ్ళార్పకుండా నన్నే చూస్తూ కన్నీళ్ళు తుడుచుకుంటున్నావు. నా కుట్టు చూసి జాలి పడుతున్నావని నాకు ఒళ్ళు మండింది. "అలా చూస్తావేం, వెళ్ళి వచ్చినవాళ్ళని చూసుకో" అన్నాను. నువ్వు వెళ్ళిపోయావు. చెల్లీ, ఆ మాట వెనక్కి తీసుకునే దారి ఉంటే ఎంత దూరమైనా నడుస్తాను.

లంగా గురించి అందరూ అడిగారు. ఇదేదో కొత్త రకం నేత అనుకున్నారట. ఎవరు కుట్టారంటే పిల్ల "మా అమ్మమ్మ" అందట. మన ఇద్దరి పేర్లూ లేవు. కాసేపు అమ్మ మీద కూడా కుళ్ళు పుట్టింది. ఇంకో మాట, నీ ముక్కలే నిండుగా ఉన్నాయి. ఇది మళ్ళీ ఎప్పుడూ రాయను, ఈ కాగితం దాచుకో.

ఇంక నువ్వు అడిగినది. అమ్మ పని చేసేటప్పుడు కింది పెదవి ఎడమ పక్కకి లాగి పట్టుకునేది. కుట్టు కష్టంగా ఉంటే కుడి కనుబొమ్మ పైకి పోయేది. ఆకు సరిగ్గా కుదిరిందంటే బుగ్గ లోపల నాలుక పెట్టి ఉబ్బించేది, చిన్నపిల్లలా. నేను నవ్వేది దానికే. ఇంతకంటే రాయడం నాకు రావడం లేదు.

ఉత్తరం చదివాక మీ బావని అడిగాను, పని చేసేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందని. ఆయన ఆలోచించకుండానే పెదవి ఎడమ పక్కకి లాగి, కనుబొమ్మ పైకెత్తి చూపించారు. "ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, అచ్చం మీ అమ్మే" అన్నారు. నాకు తెలియదు. పని చేస్తూ అద్దం చూసుకోను కదా.

రెండు రోజులు సెలవు పెట్టి రా. బల్లని గోడ దగ్గర నుంచి జరిపించాను. మిగిలిన మఖమల్ పీలికలతో చిన్న సంచి కుడదామని ఉంచాను. మొదటి రోజు నేను కుడతాను, నువ్వు ఎదురుగా కూర్చో. పని చూడకు, నా ముఖమే చూడు. రెండో రోజు నువ్వు కుట్టు. నేను పీట వేసుకుని నీ పక్కన కూర్చుంటాను, నీ మోచెయ్యి నాకు తగిలేంత దగ్గరగా.

ఎదురుచూస్తూ
అక్క